పాత భాష నేర్చుకొంటే బిడ్డ వెనుకబడతాడా?

హాలహర్వి ప్రాంతము నుండి ఒక తండ్రి వ్రాసిన ఉత్తరము ఈ నెల మా ముందు ఉన్నది. ఆయన వానను నమ్ముకొని పత్తి, కంది వేసే రైతు. కుమారుడు ఎలక్ట్రానిక్సు ఇంజినీరింగు ముగించి, బెంగళూరులో రక్షణ శాఖకు పని చేసిపెట్టే ఒక చిన్న కంపెనీలో చేరాడు. ఆయన మాటల్లోనే చెబుతాము: "మావానితో చదివినోళ్లంతా కొత్త కొత్తవి నేర్చుకొంటాండారు. వీన్ని మాత్రం నలభై ఏండ్ల నాటి కంప్యూటర్ భాష నేర్చుకోమన్నారంట. దాని పేరు ఏడా అంట. ఆర్నెల్లు దాని మీదనే కూర్చోవాలంట. రేపు ఆ కంపెనీ తీసేస్తే ఈ పాత భాషను పట్టుకొని యాడ బతకాల?"

ఏడాకు యాడ అని జత ఆయన కావాలనే కూర్చారో, తెలియక కుదిరిందో గాని చదివి నవ్వుకొన్నాము. ప్రశ్న మాత్రము నవ్వి విడిచిపెట్టేది కాదు. అప్పు చేసి చదివించిన తండ్రి అడిగిన ప్రశ్న అది. ఆదోని, ఎమ్మిగనూరు వైపు చాలా ఇండ్లలో ఇంజినీరింగు చదివిన మొదటి తరము ఈ బిడ్డలే. ఇటువంటి సందేహము వస్తే అడగడానికి ఇంట్లో తెలిసిన పెద్దవారు ఉండరు. కాబట్టి కొంచెము వివరముగానే వ్రాస్తాము.

ముందుగా, ఏ కంప్యూటరు గురించి మాట్లాడుతున్నామో తెలియాలి. కంప్యూటరు అనగానే మనకు బల్ల మీది తెర, మీటలు గుర్తుకు వస్తాయి. రక్షణ పనిలో విమానము పొట్టలోనో, క్షిపణి తలలోనో, ఓడ మీది రాడారు పెట్టెలోనో ఒక చిన్న కంప్యూటరు బిగించి ఉంటుంది. మార్కెట్ యార్డులో పత్తి తూచే ఎలక్ట్రానిక్ కాటాలో కూడా అటువంటిది చిన్నది ఒకటి ఉన్నది. దానిని ఎవరూ కంప్యూటరు అనరు, కాటా అనే అంటారు. ఇలా ఒక యంత్రములో ఒదిగిపోయి, ఆ యంత్రము పని తప్ప మరో పని ఎరుగని దానిని ఇంజినీర్లు ఎంబెడెడ్ కంప్యూటరు అంటారు.

రెండవ మాట రియల్ టైమ్. గుంతకల్లు నుండి ఆదోని మీదుగా రాయచూరు వైపు పోయే రైలు మార్గము మనకు తెలిసినదే. రైలు వస్తున్నదని కబురు రాగానే గేటు దగ్గరి మనిషి గేటు వేయాలి. రైలు పోయిన తరువాత ఎంత చక్కగా వేసినా లాభము లేదు. బ్యాంకులో లెక్క రెండు నిమిషాలు ఆలస్యమైతే విసుక్కొని ఊరుకొంటాము. ఈ యంత్రాలలో ఆలస్యముగా వచ్చిన సరియైన జవాబు కూడా తప్పు జవాబే. మామూలు పనులకు వ్రాసే తీరులో వీటికి ప్రోగ్రాములు వ్రాస్తే చాలదని పెద్దలు తెలుసుకొన్నది ఇందువల్లనే.

ఇక ఆ భాష పుట్టిన కథ. 1970లలో అమెరికా రక్షణ శాఖ తన పనులలో ఎన్ని కంప్యూటరు భాషలు వాడుతున్నారో లెక్క చూసుకొంటే 450కి పైగా తేలాయి. వైమానిక దళములో జోవియల్ అని ఒకటి. 1959 ప్రాంతములో దానిని తయారు చేసిన జూల్స్ ష్వార్ట్జ్ పేరు ఆ భాష పేరులోనే కలిసి ఉన్నది. నౌకాదళములో సి.ఎం.ఎస్.-2 అని మరొకటి. ఇలా ఒక్కొక్క ఆయుధానికి ఒక్కొక్క యాస. బాబెలు గోపురము సంగతి మన ఆదివారపు బడి పిల్లలకు కూడా తెలుసు. అక్కడ పని ఆగిపోయింది, ఇక్కడ ఖర్చు పెరిగిపోయింది. ఒకరు వ్రాసినది మరొకరు సరిచేయలేరు, వ్రాసినవాడు ఉద్యోగము మానితే ఆ యంత్రము గతి అంతే. అందుచేత 1975లో ఒక కమిటీని వేసి, అందరికీ పనికివచ్చే ఒకే భాష ఎలా ఉండాలో తేల్చమన్నారు. నాలుగు బృందాలు పోటీ పడ్డాయి. ఎవరు ఎవరో తెలిసి పక్షపాతము కలుగకుండా వాటికి ఆకుపచ్చ, ఎరుపు, నీలము, పసుపు అని రంగుల పేర్లు పెట్టారు. 1979లో ఆకుపచ్చ బృందము గెలిచింది. దాని నాయకుడు జాన్ ఇష్బియా ఫ్రాన్సులోని ఒక కంప్యూటరు కంపెనీ ఉద్యోగి. అమెరికా సైన్యానికి భాషను ఫ్రాన్సువారు చేసి ఇచ్చారన్నమాట.

దానికి పెట్టిన పేరు ఒక స్త్రీది. ఏడా లవ్‌లేస్ ఆంగ్ల కవి బైరన్ కుమార్తె. 1815 డిసెంబరు 10న పుట్టి, 1852లో 36 ఏండ్లకే కన్ను మూసింది. చార్లెస్ బాబేజ్ అనే ఆయన ఊహించిన లెక్కల యంత్రము మీద ఆమె 1843లో వివరణలు వ్రాసింది. మొట్టమొదటి కంప్యూటరు ప్రోగ్రాము అందులోనే ఉన్నదని చాలామంది అంటారు. ఆ యంత్రము తీరును చెప్పడానికి ఆమె ఎత్తుకొన్న పోలిక జకార్డు మగ్గము. ఈ సంగతి ఎమ్మిగనూరు నేతగాండ్లకు మేము విప్పి చెప్పనక్కరలేదు. చిల్లులు పొడిచిన అట్టలు ఒకదాని వెంట ఒకటి తిరుగుతుంటే ఏ పోగు లేవాలో, ఏ పోగు నిలవాలో తేలిపోతుంది, అంచులో పువ్వు దిగుతుంది. నేసేవాడు పువ్వును గీయడు. అట్టలో ఉన్నదానిని మగ్గము చదువుకొంటుంది. మాచాని సోమప్పగారు 1938లో నేత సహకార సంఘము పెట్టిన ఊరికి ఏడా కథ మరీ పరాయిది కాదు. ఆ భాష ప్రమాణ పత్రానికి 1815 అనే సంఖ్యనే ఇచ్చారు. దానిని ఆమోదించినది కూడా 1980లో, ఆమె పుట్టినరోజున.

ఇంత పాతదానిని ఇంకా ఎందుకు పట్టుకొని ఉన్నారని తండ్రిగారి అసలు ప్రశ్న. మిగ్-21 యుద్ధవిమానము 1963లో మన వైమానిక దళములో చేరి, 2025 సెప్టెంబరు 26న విరమించింది. 62 ఏండ్ల సేవ! అమెరికావారి బి-52 బాంబరు 1955లో చేరినది ఇంకా ఎగురుతూనే ఉన్నది. విమానము ఇన్ని ఏండ్లు ఎగిరితే, అందులోని ప్రోగ్రామును కూడా అన్ని ఏండ్లు ఎవరో ఒకరు చూసుకోవాలి గదా. చేతిలోని ఫోనును మార్చినట్టు మార్చరు. ఎగిరే యంత్రములో ఒక వరుస మార్చినా దానికి సంబంధించిన పరీక్షలన్నీ మళ్లీ నేల మీద, తరువాత గాలిలో చేయాలి. కొత్త భాషలో మొత్తము తిరిగి వ్రాయడమంటే ఏండ్ల పని, కోట్ల ఖర్చు. అది చాలక, పాతదానిలో ఎప్పుడో సరిదిద్దిన తప్పులు కొత్తదానిలో మళ్లీ దూరవచ్చు. పాత ఆయిలు ఇంజను బాగుచేసే మెకానిక్కుకు వయసైపోతే, ఆ ఇంజను పెట్టుకొన్న రైతులందరికీ బెంగే. కంపెనీలు మన బిడ్డను ఆరు నెలలు జీతమిచ్చి కూర్చోబెట్టి నేర్పేది కూడా ఇటువంటి బెంగతోనే.

మన దేశములో ఈ భాష ఎక్కడ పనికివచ్చిందని అడిగితే, బెంగళూరులోనే జవాబు ఉన్నది. తేలికపాటి యుద్ధవిమానమును మనమే తయారు చేసుకోవాలని 1984లో అక్కడ ఏరోనాటికల్ డెవలప్‌మెంట్ ఏజెన్సీ అనే సంస్థను స్థాపించారు. ఆంగ్లములో పొడి అక్షరాలు వ్రాస్తే దాని పేరు కూడా ఏ, డి, ఏ. భాష పేరుకూ అవే మూడు అక్షరాలు. కాకతాళీయమే గాని, కొత్తగా చేరిన పిల్లలు తికమక పడతారు. ఆ కార్యక్రమానికి చాలాకాలము నాయకత్వము వహించిన కోట హరినారాయణగారు తరువాత హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా కూడా పనిచేశారు.

ఆ విమానమే తేజస్. దానిని కావాలనే నిలకడ లేకుండా తయారు చేశారు. వింతగా ఉన్నది గదా! అరచేతిలో కర్రను నిలువుగా నిలబెట్టి చూడండి. చేయి క్షణము ఆగితే కర్ర పడిపోతుంది. చేయి సన్నగా కదులుతూ ఉన్నంతసేపూ నిలుస్తుంది, ఎటు కావాలంటే అటు చటుక్కున వంగుతుంది. యుద్ధవిమానానికి ఆ చటుక్కున తిరిగే గుణమే కావాలి. అయితే క్షణములో అన్నిసార్లు సవరించడము మనిషి చేతి వల్ల కాదు. కాబట్టి పైలటు చేతికర్రకూ రెక్కలకూ మధ్య కంప్యూటరును పెట్టారు. పైలటు ఇటు తిప్పమంటాడు, ఎంత తిప్పాలో కంప్యూటరు లెక్క కట్టి రెక్కకు చెబుతుంది. ఒక్కదానినే నమ్ముకొంటే ప్రమాదము గనుక నాలుగు వరుసలు ఉంటాయి. పంచాయితీలో నలుగురు పెద్దలను కూర్చోబెట్టినట్టు. ముగ్గురు ఒక మాట చెప్పి, ఒకరు వేరుగా చెబితే ఆ ఒక్కరి మాటను పక్కన పెడతారు. ఈ కంప్యూటరులో నడిచే ప్రోగ్రామును వ్రాసినది ఏడా భాషలో.

ఆ పనిలో అమెరికాలోని ఒక పెద్ద కంపెనీ సహాయము చేస్తుండేది. మన ఇంజినీర్లు కొందరు అక్కడే ఉండి పని చేస్తుండగా, 1998 మే నెలలో పోఖ్రాను అణుపరీక్షలు జరిగాయి. అమెరికా ఆంక్షలు విధించింది. మనవారు పని మధ్యలో విడిచి తిరిగి రావలసి వచ్చింది. ఇక అది ముందుకు సాగదని అనుకొన్నవారు లేకపోలేదు. మిగిలిన పనిని బెంగళూరులోని ప్రయోగశాలలవారు కలిసి పూర్తి చేశారు. విమానము లేకుండానే దాని అవయవాలన్నిటినీ నేల మీద అమర్చి, ఐరన్ బర్డ్ అనే చట్రములో గంటల తరబడి పరీక్షించారు. 2001 జనవరి 4న వింగ్ కమాండర్ రాజీవ్ కోఠియాల్ ఆ విమానమును మొదటిసారి ఎగురవేసి, క్షేమముగా దించారు. 18 నిమిషాలు. ఆ 18 నిమిషాలకు వెనుక ఉన్న ఏండ్లలో, ఈ 'పాత' భాషను నేర్చుకొన్న యౌవనస్థులు ఎందరో ఉన్నారు. వారి పేర్లు పత్రికలలో రాలేదు. ఆ విమానము 2016 జులై 1న వైమానిక దళములో చేరింది. పైలటుకూ నేలకూ మధ్య ఉన్నది ఎవరో కుర్రవాడు ఏకాగ్రతతో వ్రాసిన వరుసలే అని తెలిసినప్పుడు, ఆర్నెల్లు కూర్చోవడము మరీ ఎక్కువ అనిపించదు.

ఆరు నెలలు ఏం నేర్చుకొంటారు? మాటలు నేర్వడానికి అంతకాలము పట్టదు. ఒక భాషను బాగా ఎరిగిన పిల్లవానికి రెండవదాని మాటలు మూడు వారాలలో వస్తాయి. హాలహర్వివారు బళ్లారి సంతకు పోతే బేరము కన్నడములో ఆడి, తిరిగి వచ్చి బస్సులో తెలుగు మాట్లాడతారు. ఎప్పుడు మారారో వారికే తెలియదు. ఏడాలో మాటలు మరీ సులువు. చదివితే ఇంచుమించు మామూలు ఆంగ్ల వాక్యములాగ ఉంటుంది. ప్రోగ్రామును వ్రాసేది ఒకసారి, చదివేది అనేకసార్లు గనుక చదివేవానికి సుఖముగా ఉండాలని దానిని రూపొందించినవారి పట్టుదల. నలభై ఏండ్ల తరువాత వచ్చే కుర్రవాడు కూడా చదవాలి గదా.

కాలము పట్టేది దాని క్రమశిక్షణకు. మన ఇండ్లలో ఒక అలవాటు ఉన్నది. "ఇరవై వచ్చింది" అంటారు. ఇరవై ఏమిటి? బస్తాలా, క్వింటాళ్లా, వేల రూపాయలా? వినేవాడు సందర్భము చూసి తెలుసుకొంటాడు. కంప్యూటరుకు సందర్భము తెలియదు. ఏడా భాషలో ప్రతి సంఖ్యకూ జాతిని ముందే చెప్పాలి. ఇది ఎత్తు, ఇది వేగము, ఇది కాలము అని. ఎత్తును తెచ్చి వేగముతో కూడబోతే, విమానము ఎక్కకముందే, కార్యాలయములోనే ఆ భాష ఒప్పుకోదు. 1999లో అమెరికావారు అంగారక గ్రహానికి పంపిన ఒక నౌక ఇటువంటి పొరపాటుతోనే నాశనమైంది. ఒక జట్టు పౌండ్లలో లెక్క ఇస్తే, రెండవ జట్టు మెట్రిక్ లెక్క అనుకొని వాడుకొన్నది. జాతిని మాత్రమే కాదు, హద్దును కూడా చెప్పవచ్చు. ఈ సంఖ్య సున్నకూ ఇంతకూ మధ్యనే ఉండాలి అని వ్రాస్తే, హద్దు దాటిన క్షణములో యంత్రము కేక పెడుతుంది. ఆ కేక వినబడితే ఏం చేయాలో కూడా ముందే వ్రాసి పెట్టాలి. మొదట్లో పిల్లలకు ఇది మహా విసుగు. పది వరుసలు వ్రాస్తే పదిహేను తప్పులు చూపుతుంది. రెండు నెలలు ఓర్చుకొన్నవాడు నిలబడతాడు.

అయితే భాష మంచిదైతే చాలునని ఎవరూ అనుకోవద్దు. 1996 జూన్ 4న యూరపువారి ఏరియాన్-5 రాకెట్టు మొదటిసారి ఎగిరింది. అది సైన్యానిది కాదు, నాలుగు పరిశోధన ఉపగ్రహాలను మోసుకొని పోతున్నది. దానికి దిక్కు చెప్పే ప్రోగ్రాము ఏడా భాషలోనే ఉన్నది. ఏరియాన్-4 అనే పాత రాకెట్టులో చక్కగా పనిచేసినదానినే తెచ్చి పెట్టారు. కొత్త రాకెట్టు పక్కకు మళ్లే వేగము ఎక్కువ. ఒక పెద్ద సంఖ్యను 32,767 వరకే పట్టే చిన్న గదిలో పెట్టబోయింది. మానికలో పుట్టెడు గింజలు పోసినట్టు. భాష తన ధర్మము ప్రకారము కేక పెట్టింది. విని సర్దుకొనే ఏర్పాటును మాత్రము మనుష్యులే ఉంచలేదు. అటువంటి ఏడు చోట్లలో నాలుగింటికి కాపలా పెట్టి, కంప్యూటరు మీద భారము తగ్గుతుందని మూడింటిని విడిచిపెట్టారు. పాత రాకెట్టులో ఆ సంఖ్య ఎన్నడూ అంత పెరగలేదు గనుక పరవాలేదనుకొన్నారు. ఒకటి చెడితే రెండవది ఉన్నదనుకొంటే, రెండవదానిలోనూ అదే ప్రోగ్రాము, అదే క్షణములో అదీ ఆగిపోయింది. బయలుదేరిన సుమారు 40 సెకన్లకు రాకెట్టు ముక్కలైంది. అన్నిటికంటె బాధ కలిగించేది ఏమిటంటే, ఆ లెక్క నేల విడిచిన తరువాత అవసరమే లేదు. పాతదానిలో ఉన్నది గనుక ఉండనిచ్చారు. పాత ప్రోగ్రాములను చూసుకొనే ఉద్యోగానికి పోయే ప్రతి యౌవనస్థుడూ ఈ సంగతిని ఒక పూట కూర్చొని చదవాలని మా అభిప్రాయము.

ప్రాణాలు పోయిన సంగతి మరొకటి ఉన్నది. 1991 గల్ఫు యుద్ధములో సౌదీ అరేబియాలోని దహ్రాను దగ్గర, వచ్చే క్షిపణులను ఆకాశములోనే కూల్చే పేట్రియాట్ ఆయుధమును కాపలా పెట్టారు. దానిలోని గడియారము సెకనులో పదవ వంతును ఒక లెక్కగా లెక్కించేది. మనము పదిని మూడుతో భాగిస్తే 3.333 అని ఎంతకూ తెగదు గదా, కంప్యూటరు లెక్కలో పదవ వంతు కూడా అలాగే తెగదు. కొంత తోక కత్తిరించి పెట్టుకొంటుంది. ఆ తోక కంటికి కనబడనంత చిన్నది. కొన్ని గంటలు నడిపి ఆపేస్తే బాధ లేదు. ఆ ఆయుధమును మాత్రము 100 గంటలు ఆపకుండా నడిపారు. తోకలన్నీ కూడి సుమారు 0.34 సెకను తేడా వచ్చింది. కనురెప్ప వేసినంత కాలము. ఆ కాలములో స్కడ్ క్షిపణి అర కిలోమీటరుకు పైగా పోతుంది. కాపలా యంత్రము ఒక చోట చూస్తుంటే, క్షిపణి మరో చోటు నుండి వచ్చి ఫిబ్రవరి 25 రాత్రి సైనికుల నివాసము మీద పడింది. 28 మంది చనిపోయారు. ఎక్కువ సేపు నడిపితే గురి తప్పుతుందని రెండు వారాల ముందే ఇశ్రాయేలువారు హెచ్చరించారు. సరిచేసిన ప్రోగ్రాము దహ్రానుకు చేరినది ఫిబ్రవరి 26న.

ఈ కథ వ్రాస్తుంటే మరొక ప్రశ్న మాకు అడ్డు వస్తున్నది. ఆయుధాల పని మన బిడ్డలు చేయవచ్చునా అని సంఘములలో కొందరు తల్లులు అడుగుతుంటారు. దానికి ఒక్క మాటలో తీర్పు చెప్పే అధికారము మాకు లేదు. ఎవరి మనస్సాక్షి వారిది, ఆ బిడ్డ ప్రార్థించి తానే తేల్చుకోవాలి. ఒక్క సంగతి మాత్రము చెప్పగలము. ఈ భాషను నేర్చుకొన్నంత మాత్రాన ఆయుధాలకే కట్టుబడనక్కరలేదు. 1994లో మొదటిసారి ఎగిరిన బోయింగ్ 777 ప్రయాణికుల విమానములో ఎక్కువ భాగము ఏడాయే. 1998లో ప్యారిస్‌లో డ్రైవరు లేకుండా నడవడము మొదలుపెట్టిన 14వ నంబరు మెట్రో రైలు భద్రత కూడా ఈ భాష మీదనే ఆధారపడి ఉన్నది. జాగ్రత్త ఒక్కటే, అది కాపాడే మనుష్యులు వేరు.

రక్షణ పనిలో చేరితే ఇంటివారు తెలుసుకోవలసినది ఇంకొకటి ఉన్నది. పోలీసు విచారణ జరుగుతుంది, ఊరిలో వచ్చి అడుగుతారు, భయపడనక్కరలేదు. ఆ తరువాత బిడ్డ ఇంటికి వచ్చినప్పుడు ఏం పని చేస్తున్నావని అడిగితే సరిగా చెప్పడు. గర్వము వల్ల కాదు. 1923 నాటి అధికార రహస్యాల చట్టము మన దేశములో ఇంకా అమలులో ఉన్నది. మన జిల్లాలోనే ఓర్వకల్లు దగ్గర డి.ఆర్.డి.ఓ. పరీక్షా క్షేత్రము ఉన్నది. 2025 జులైలో డ్రోను మీద నుండి వదిలే క్షిపణిని అక్కడ పరీక్షించారని పత్రికలలో చదివాము. పత్రికలో వచ్చినంత మట్టుకు మాట్లాడుకోవచ్చు. బిడ్డ చేత అంతకు మించి చెప్పించాలని చూడవద్దు. పెండ్లిచూపులలో పిల్లనిచ్చేవారు గుచ్చి గుచ్చి అడిగినా, "రక్షణ శాఖ పని" అని చెప్పి ఊరుకోవడము మేలు.

ఇక ఉద్యోగాల సంగతి దాచకుండా చెప్పాలి. ఏడా ఒక్కటే తెలిస్తే జీవితమంతా గడుస్తుందని మేము చెప్పము. అమెరికాలో రక్షణ ప్రోగ్రాములన్నీ దానిలోనే వ్రాయాలనే చట్టము 1991లో అమలులోకి వచ్చింది, 1997లో ఆ కట్టుబాటును ఎత్తివేశారు. తరువాత వచ్చిన ఎఫ్-35 యుద్ధవిమానములో ఎక్కువగా సి, సి ప్లస్ ప్లస్ భాషలే. భాష మాత్రము చావలేదు. 1995లో, 2012లో, చివరగా 2022 పేరుతో కొత్త ప్రమాణాలు వచ్చాయి. అయినా దాని ఉద్యోగాలు జావా ఉద్యోగాలంత ఎక్కువ ఉండవు. ఉన్నవి బెంగళూరు, హైదరాబాదుల వంటి కొన్ని పట్టణాలలోనే. కాబట్టి హాలహర్వి కుర్రవాడు సి భాషను విడిచిపెట్టకుండా, దాని పక్కన ఏడాను ఉంచుకోవాలి. కంపెనీ తీసివేసినా, హద్దులు గీసి వ్రాసే అలవాటు, కాలమును లెక్కలోకి తీసుకొనే అలవాటు చేతిలో మిగులుతాయి. రైళ్లు, కార్లు, ఆసుపత్రి యంత్రాలు చేసే కంపెనీలు అటువంటి చేతులనే వెదుకుతాయి. ఇంకా చదువుకొనే పిల్లలైతే గేట్ పరీక్ష వ్రాసి డి.ఆర్.డి.ఓ.లో శాస్త్రవేత్త ఉద్యోగానికి ప్రయత్నించవచ్చు. డిప్లొమా చదివినవారికి ఆ సంస్థే వేరుగా పరీక్షలు జరుపుతుంది.

ఉద్యోగ హామీ అని చెప్పి వేల రూపాయలు తీసుకొనే శిక్షణ కేంద్రాలకు మాత్రము పోవద్దు. న్యూయార్క్ విశ్వవిద్యాలయములో 1990లలో మొదలైన గ్నాట్ అనే సాధనము ఈ భాషను కంప్యూటరుకు అర్థమయ్యేటట్టు మారుస్తుంది. అది ఉచితము. మామూలు పాత కంప్యూటరు మీద కూడా నడుస్తుంది. ఇంటికి వచ్చిన సెలవులలో కూడా పిల్లవాడు అభ్యాసము చేయవచ్చు. ఏం చేయాలంటే, తుంగభద్ర దిగువ కాలువ మీద ఒక తూమును ఊహించుకోమనండి. నీటి లోతును సెకనుకు ఒకసారి చూసే పని ఒకటి, తూము తలుపును ఎత్తి దించే పని మరొకటి. రెండూ ఒకేసారి నడవాలి, ఒకదాని కోసము మరొకటి ఆగిపోకూడదు. లోతు సున్న నుండి ఎన్ని అడుగుల వరకు ఉండవచ్చునో హద్దు వ్రాయాలి. అంతా సరిగా నడిచిన తరువాత, లోతు కొలిచే పరికరము పాడై 900 అడుగులు అని చెప్పినట్టు ఒక పరీక్ష పెట్టి, తలుపు ఏం చేస్తుందో చూసుకోవాలి.